సాల్టేర్: మిల్లు దొర కట్టించిన ఊరు

1853 సెప్టెంబరు 20. ఇంగ్లండ్‌లో ఉన్ని వ్యాపారి టైటస్ సాల్ట్‌కు యాభయ్యో పుట్టినరోజు. ఏర్ నది ఒడ్డున కొత్త మిల్లు తెరుస్తూ ఆయన 3,500 మందికి విందు పెట్టాడు. వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఆయన దగ్గర పనిచేసే కార్మికులే. వాళ్ల కోసం మిల్లు పక్కనే ఒక ఊరు లేవబోతోంది. దాని పేరు సాల్టేర్.

అంతకుముందు ఆయన మిల్లులు బ్రాడ్‌ఫోర్డ్‌లో తలోచోట ఉండేవి. అదంతా పొగ, మురుగు, ఇరుకు సందులు. 1849లో కలరా వచ్చి అక్కడ 400 మందికి పైగా పోయారు. అప్పుడు నగర మేయరు సాల్టే. దయతోనే ఊరు కట్టించాడని అభిమానులంటారు. దయ ఉంది, కాదనను. లెక్కా ఉంది. అల్పాకా అనే జంతువు ఉన్నితో బాగా గడించిన ఆయనకు మిల్లులన్నీ ఒకే కప్పు కిందికి రావాలి. కొత్తచోట రైలూ కాలువా పక్కపక్కనే ఉన్నాయి.

ఏమైనా ఇళ్లు మాత్రం గొప్పగా కట్టించాడు. అన్నీ రాతి ఇళ్లే, సుమారు 850. ప్రతి ఇంటికీ నీళ్లు, గ్యాసు, పెరట్లో సొంత మరుగుదొడ్డి. బ్రాడ్‌ఫోర్డ్‌లో నేలమాళిగల్లో కాపురం చేసినవాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి? బడి, ఆసుపత్రి, పార్కు, ముసలివాళ్లకు 45 ఇళ్లు కూడా వచ్చాయి. చాలా వీధులకు తన భార్యాబిడ్డల పేర్లు పెట్టుకున్నాడు: కరోలిన్, జార్జ్, ఫానీ, అడా.

ఊళ్లో ఆరేసిన బట్టలు కనబడితే దొరకు గిట్టేది కాదట. అందుకని ఆవిరి యంత్రాలతో ఉమ్మడి చాకిరేవు పెట్టించాడు. మాసిన మూట పట్టుకెళితే గంటలో ఉతికి, ఆరబెట్టి, మడతపెట్టిన బట్టలు చేతికొచ్చేవి. బావుంది. కానీ మన గుడ్డలు మన పెరట్లో ఆరేసుకోవడానికి యజమాని ఇష్టాయిష్టాలు చూసుకోవాలా? కల్లు దుకాణం లాంటిదేదీ ఊళ్లోకి రానివ్వలేదు. (తర్వాతెప్పుడో అక్కడ ‘డోంట్ టెల్ టైటస్’ అని ఓ బారు వెలిసింది!) ఇల్లూ కూలీ ఒకే చేతిలో ఉంటే ఆ చెయ్యి వంటింటిదాకా వస్తుంది.

1876లో సాల్ట్ పోయాడు. అంతిమయాత్ర చూడటానికి లక్షమంది వచ్చారంటారు. 1892లో కంపెనీ దివాలా తీసింది. 1933లో ఇళ్లు అమ్ముడుపోయాయి. 1986లో మిల్లు మూతపడింది. మరుసటేడు జొనాథన్ సిల్వర్ అనే స్థానిక వ్యాపారి దాన్ని కొని, బ్రాడ్‌ఫోర్డ్‌లోనే పుట్టిన చిత్రకారుడు డేవిడ్ హాక్నీ బొమ్మలతో గ్యాలరీ తెరిచాడు. 2001లో యునెస్కో ఈ ఊరిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

దగ్గర్లోని లీడ్స్‌లో చదివే మన పిల్లలుంటే చెప్పండి. రైలు మిల్లు పక్కనే ఆగుతుంది, గ్యాలరీకి టికెట్ లేదు. బొమ్మలు మాత్రమే చూసి వెనక్కి రావద్దనండి. వీధుల్లోకి వెళ్లి మేస్త్రీలకిచ్చిన ఇళ్లనూ కూలీలకిచ్చిన ఇళ్లనూ పక్కపక్కన పెట్టి చూడమనండి. మిల్లులో ఎవరి స్థాయి ఏమిటో గోడల ఎత్తే చెబుతుంది.