కారు ఎక్కడ తయారైతేనేం?



కార్ల ఫ్యాక్టరీల గురించి మాట్లాడతానంటే, "అది మగవాళ్ళు పేపరు ముందేసుకుని వాదించుకునే సంగతి, మనకెందుకమ్మా" అనుకుంటారేమో. కానీ ఫ్యాక్టరీ గేటు మూసిన నెలలో మొదట తగ్గేది ఇంట్లో పాల లెక్క. ఆ తరువాత ఇంటద్దె, పిల్లల ఫీజు, చీటీ డబ్బు ఒక్కొక్కటే వచ్చి వరుసలో నిలబడతాయి. అందుచేత, కార్లు సొంత దేశంలో చేసుకోవాలా, ఆ పని పరాయి దేశానికి పోయినా ఫరవాలేదా అన్న తగవును ఇవాళ కాస్త విప్పి చూద్దాం. ఇందుకు ఆస్ట్రేలియాను ఉదాహరణగా తీసుకుంటాను. ఎందుకంటే అక్కడ ఈ తగవుకి మొదలూ వుంది, ముగింపూ వుంది.

ఆ దేశంలో హోల్డెన్ అని ఒక కారు వుండేది. 1856లో అడిలైడ్ నగరంలో గుర్రపు జీనులు కుట్టే దుకాణంగా మొదలైన సంస్థ అది. 1931లో అమెరికా వారి జనరల్ మోటార్స్ చేతిలోకి వెళ్ళింది. 1948 నవంబరులో మొదటి హోల్డెన్ కారు బయటికి వచ్చినప్పుడు ప్రధానమంత్రి బెన్ చిఫ్లీ స్వయంగా వచ్చి ఆవిష్కరించారు. మనకి అంబాసిడర్ ఎలాగో, వాళ్ళకి హోల్డెన్ అలాగ. యజమాని అమెరికా కంపెనీయే అయినా, చేసే చేతులు తమవి కాబట్టి జనం "మా కారు" అనే అనుకున్నారు.

మరి అటువంటి కారు ఎందుకు ఆగిపోయింది? ఇందులో నాలుగు సంగతులున్నాయి.

మొదటిది దిగుమతి సుంకం. బయటి సరుకు దేశంలోకి వచ్చేటప్పుడు ప్రభుత్వం వసూలు చేసే పన్ను అది. 1980లలో విదేశీ కార్ల మీద ఈ సుంకం 57.5 శాతం దాకా వుండేది. అంటే లక్ష పెట్టి కొన్న కారు రేవు దాటేసరికి లక్షా 57 వేల 500 అయ్యేదన్నమాట. ఆ గోడ చాటున స్వదేశీ కారు సుఖంగానే బతికింది. కానీ ఆ ఎక్కువ ధర కట్టినవాళ్ళెవరు? కారు కొనుక్కున్న ప్రతి సంసారీను. ఇది ఎల్లకాలం సాగదని 1984లో పరిశ్రమల మంత్రి జాన్ బటన్ ఒక పథకం తెచ్చారు. సుంకం 1988లో 45 శాతానికీ, 2000 నాటికి 15 శాతానికీ, 2005లో 10కీ, 2010లో 5కీ దిగింది. ఇదికాక 2005 నుంచి థాయ్‌లాండ్‌తో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం అమలులోకి వచ్చి, అక్కడి వాహనాలు సుంకం లేకుండా వచ్చిపడ్డాయి.

రెండోది లెక్కల సంగతి. నాలుగు గారెల కోసం మూకుడు నిండా నూనె పోస్తామా? పోశామంటే ఆ నూనె, ఆ గ్యాసు, నిలబడ్డ శ్రమ అంతా ఆ నాలుగు గారెల మీదే పడుతుంది. అవే నలభై గారెలైతే ఒక్కొక్కదాని మీద పడేది కొంచెమే. కార్ల ఫ్యాక్టరీ కూడా అంతే. అచ్చులు, యంత్రాలు, షెడ్లు ముందే పెట్టిన ఖర్చు. ఒక ఫ్యాక్టరీ గిట్టుబాటు కావాలంటే ఏడాదికి రెండు మూడు లక్షల కార్లయినా తియ్యాలని నిపుణులు చెబుతారు. 2013లో ఆస్ట్రేలియాలో 11 లక్షలకి పైగా కొత్త వాహనాలు అమ్ముడయ్యాయి గాని, అక్కడ తయారైనవి రెండు లక్షల పైచిలుకే. వాటినీ హోల్డెన్, ఫోర్డ్, టయోటా మూడు కంపెనీలు పంచుకున్నాయి. బజారులో చూస్తే అరవైకి పైగా రకాల బ్రాండ్లు! ఎవరి మూకుడూ నిండలేదు.

మూడోది డబ్బు విలువ. ఆ దేశపు గనుల ఖనిజానికి గిరాకీ పెరిగి, 2011, 2012లలో ఆస్ట్రేలియా డాలరు అమెరికా డాలరును మించిపోయింది. మన డబ్బు బలపడితే మంచిదే కదా అంటారా? విదేశీ సరుకు కొనేవారికి మంచిదే. విదేశానికి సరుకు అమ్మేవారికి మాత్రం గొంతులో వెలక్కాయ. అదే కారు, అదే కూలి, కానీ పరాయి దేశంలో దాని ధర పెరిగి కూర్చుంటుంది.

నాలుగోది ఒకరి మీద ఒకరు ఆధారపడి వుండటం. పాలవాడు వీధిలో మూడిళ్ళకి పాలు పోస్తున్నాడనుకోండి. రెండిళ్ళు మానేస్తే మూడో ఇంటి కోసం అంత దూరం సైకిలు తొక్కుకు రాడు. కార్లకి సీట్లు, అద్దాలు, గొట్టాలు చేసే చిన్న కంపెనీలది కూడా ఇదే పరిస్థితి. 2013 మే నెలలో ఫోర్డ్ వెళ్ళిపోతానంది. అదే ఏడు డిసెంబరులో హోల్డెన్ అంది. రెండు నెలలు తిరగకుండా 2014 ఫిబ్రవరిలో టయోటా కూడా అనక తప్పలేదు.

ఇక వాదన చూడండి. ఒక పక్షం వారు, "1997 నుంచి 2012 దాకా ఈ పరిశ్రమకి సుమారు 3 వేల కోట్ల డాలర్ల సాయం అందిందని ప్రభుత్వ సంస్థ ప్రొడక్టివిటీ కమిషనే లెక్క కట్టింది కదా, కారు కొనలేని పేదవాడి పన్ను కూడా అందులో వుంది కదా, ఇంకా ఎన్నాళ్ళు పొయ్యాలి?" అన్నారు. 2013 డిసెంబరు 10న కోశాధికారి జో హాకీ పార్లమెంటులోనే, వుంటారో పోతారో తేల్చుకోమన్నట్టు హోల్డెన్‌ని నిలదీశారు. మర్నాడే హోల్డెన్ పోతున్నానని ప్రకటించింది.

రెండో పక్షం వారి మాటా తీసిపారేసేది కాదు. "కార్లు చేసే దేశాలన్నీ ఏదో ఒక విధంగా తమ పరిశ్రమను ఆదుకుంటూనే వున్నాయి. కార్ల ఫ్యాక్టరీ అంటే పనితనం నేర్పే బడి కూడాను. పొయ్యి ఆర్పడం చిటికెలో పని. చెయ్యి తిరిగిన వంటవాళ్ళు తలో దిక్కూ పోయాక మళ్ళీ వెలిగించినా వంట కుదురుతుందా?" అన్నారు.

చివరికి 2016 అక్టోబరులో ఫోర్డ్, 2017 అక్టోబరు 3న టయోటా, అదే నెల 20న అడిలైడ్ దగ్గర ఎలిజబెత్ అన్న వూళ్ళో హోల్డెన్ ఆఖరి కారు చేసి ఆపేశాయి. హోల్డెన్‌లో 2,900, టయోటాలో సుమారు 2,500, ఫోర్డ్‌లో 1,200 ఉద్యోగాలు పోతాయని ఆ కంపెనీలే ముందు చెప్పాయి. విడిభాగాల వాళ్ళ లెక్క వేరే. 2020లో హోల్డెన్ పేరునే తీసేస్తున్నట్టు ప్రకటించారు.

ఇందులో మనం గమనించవలసింది ఒకటుంది. చవక కారు వల్ల లాభం దేశమంతటికీ చిటికెడు చిటికెడు. నష్టం మాత్రం ఒక్క వూరికి గంపెడు. లెక్క మొత్తంగా వేస్తే దేశం బాగుపడిందని కాగితం మీద తేలవచ్చు. కానీ యాభై ఏళ్ళ ఫిట్టరుకి ఆ కాగితం అన్నం పెట్టదు. అంతకు ముందు అడిలైడ్‌లోనే మిత్సుబిషి పనివాళ్ళు రోడ్డున పడినప్పుడు, పరిశోధకులు వాళ్ళ వెంట వుండి చూస్తే, సుమారు మూడోవంతు మందికే మళ్ళీ పూర్తికాలపు ఉద్యోగం దొరికింది. తక్కినవారికి అరకొర పని, లేదా అసలు పనే లేదు. అయితే 2013లో ఒక మేలు జరిగింది. దాదాపు నాలుగేళ్ళు ముందుగా చెప్పారు. ఆలోగా కొందరు కొత్త పని నేర్చుకున్నారు, కొందరు అప్పులు తీర్చుకున్నారు.

మన దేశంలో చూడండి. 2021 సెప్టెంబరులో ఫోర్డ్ ఇక్కడ కార్ల తయారీ ఆపుతున్నట్టు చెప్పింది. సుమారు 4 వేల మంది ఉద్యోగుల మీద ఆ దెబ్బ పడుతుందని తానే అంది. 2022 జూలై నాటికి చెన్నై దగ్గరి ఫ్యాక్టరీలో కార్ల పని ముగిసింది. అంటే పది నెలల వ్యవధి. గుజరాత్‌లోని సాణంద్ ఫ్యాక్టరీని టాటా వారు కొని, అక్కడి కార్ల విభాగం వారికి పని ఇవ్వడానికి ఒప్పుకున్నారు కాబట్టి కొన్ని ఇళ్ళు నిలబడ్డాయి.

నాణానికి రెండో వైపూ మన గడపలోనే వుంది. కొరియా వారి కియా కంపెనీ అనంతపురం జిల్లా పెనుకొండ దగ్గర, ఏడాదికి 3 లక్షల కార్లు తియ్యగల ఫ్యాక్టరీ పెట్టింది. 2019 ఆగస్టులో మొదటి సెల్టోస్ కారు బయటికి వచ్చింది. ఆ వూరిప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో వుంది. ఒక దేశపు కంపెనీ బయట ఫ్యాక్టరీ పెట్టినప్పుడు, ఆ "బయట" అన్నది మన వూరే కావచ్చు. వచ్చినప్పుడు సంతోషించడం న్యాయమే. కానీ వచ్చినవారు ఏ లెక్క చూసుకుని వచ్చారో, ఆ లెక్క మారితే కదలగలరు కూడా.

కాబట్టి ఫ్యాక్టరీ వస్తోందన్నా, పోతోందన్నా మనం అడగవలసిన ప్రశ్నలు మూడు. అక్కడ ఎన్ని తయారవుతాయి, కొనేదెవరు? ప్రభుత్వం ఇచ్చే రాయితీ ఎంత, ఎన్నేళ్ళకి? పోయేటట్టయితే ఎంత ముందుగా చెబుతారు, పనివాళ్ళకి ఏం ముట్టజెబుతారు? మూడోదానికి జవాబు ఫ్యాక్టరీ వచ్చిన రోజునే కాగితం మీద రాయించుకోవాలి. గేటుకి తాళం పడ్డాక అడిగితే వినేవాళ్ళుండరు.