వీణానాదమును రికార్డు చేయుట

వాద్యము మారితే నాదము మారును. 18వ శతాబ్దిలో యూరపు వయొలినులకు గొర్రె ప్రేగుతంతులు ఉండేవి. ప్రేగుతంతి కంపించునపుడు దాని లోపలి రాపిడి ఎక్కువ. అందుచేత హెచ్చు పౌనఃపున్యముగల అనుస్వరాలు త్వరగా అణగిపోయి ధ్వని మెత్తగా వినిపించును. ఉక్కుతంతిలో అవి ఎక్కువసేపు నిలుచును, ధ్వని పదునెక్కును. పాత రచనలను ఆనాటి వాద్యాలపైనే వినిపించుటకు నికొలస్ హార్నన్‌కూర్ 1953లో వియన్నాలో ఒక బృందమును స్థాపించి, అనేక రికార్డులు చేశాడు.

మన వీణ విషయములోనూ ఈ ప్రశ్న ఉన్నది. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో కుండ, దండి కలిపి ఒకే పనస దుంగతో చేసే ఏకాండి వీణ ప్రసిద్ధమైనది. దీని నాదము మృదువైనది. చిన్న గదిలో కూర్చుండి వినదగినది.

శ్రుతిదండమును మ్రోగించి గాలిలో పట్టుకొంటే ధ్వని లీలగా వినబడును. దాని కాడను బల్లపై ఆనిస్తే బల్ల కూడ కంపించి ధ్వని పెరుగును. వీణలోనూ ఇదే జరుగును. సన్నని తీగ కదిలించే గాలి చాలా కొద్ది. తీగ కంపనము గుర్రము ద్వారా కుండపై పలకకు చేరగా, వెడల్పైన ఆ పలక గాలిని కదిలించును. అయితే పలక అన్ని స్వరాలను సమానముగా పెంచదు. అందువల్లనే ప్రతి వీణకు తనదైన నాదము కలుగును.

పెద్ద సభలలో వీణకు అంటించే కాంటాక్ట్ మైకు తానున్న చోటి కంపనమునే గ్రహించును. వీణ అంతటినుండి గాలిలోనికి వచ్చే నాదమును గ్రహించదు. కనుక పూర్వులు విన్న వీణానాదమును రికార్డు చేయుటకు పాతరకపు వీణ ఒక్కటే చాలదు. నిశ్శబ్దమైన గదిలో, శ్రోత కూర్చుండే చోట మైకును నిలుపవలెను.