దొంగలకని వేసిన తాళం

ఈమెయిల్ మోసాలను అరికట్టే కఠిన నిబంధన మెయిలింగ్ లిస్టులకు గుదిబండైంది

2014 ఏప్రిల్‌లో మెయిలింగ్ లిస్టుల నిర్వాహకులకు వింత అనుభవం ఎదురైంది. యాహూ చిరునామా ఉన్న సభ్యుడు లిస్టుకు ఉత్తరం రాస్తే, అది జీమెయిల్, హాట్‌మెయిల్ వాడుతున్న సభ్యులకు చేరకుండానే తిరిగొచ్చింది. అంతటితో ఆగలేదు. ఉత్తరాలు పదేపదే వెనక్కి వస్తుండటంతో ఆ చిరునామాలు పనిచేయడం లేదనుకున్న లిస్టు సాఫ్ట్‌వేర్, ఏ పాపమూ ఎరుగని ఆ సభ్యులకు ఉత్తరాలు నిలిపేసింది.

కారణం డీమార్క్ అనే విధానం. "మా పేరుతో వచ్చి పరీక్షలో నెగ్గని ఉత్తరాన్ని తిరస్కరించండి" అంటూ యాహూ ఆ నెలలో ప్రకటించింది. ఖాతాదారుల చిరునామాల చిట్టాలు దొంగిలించి, వారి పేర్లతోనే వారి మిత్రులకు స్పామ్ గుప్పిస్తున్న మోసగాళ్లను అడ్డుకోవడం దాని ఉద్దేశం. కొద్ది రోజులకే ఏఓఎల్ కూడా అదే బాట పట్టింది.

డీమార్క్ రెండు ఆనవాళ్లు చూస్తుంది. ఉత్తరం ఆ సంస్థ అనుమతించిన సర్వర్ నుంచే వచ్చిందా? సంస్థ చేసిన డిజిటల్ సంతకం చెక్కుచెదరకుండా ఉందా? రెంటిలో ఒక్కటైనా సరిపోవాలి. కానీ లిస్టు తన సొంత సర్వర్ నుంచి ఉత్తరం పంపుతుంది. విషయం ముందు లిస్టు పేరు, అడుగున సభ్యత్వం రద్దు చేసుకునే వివరాలు తగిలిస్తుంది. సీలు వేసిన కవరు విప్పి, ఓ మాట చేర్చి, వేరే ఊరి నుంచి పోస్టు చేసినట్టన్నమాట. రెండు ఆనవాళ్లూ చెరిగిపోతాయి.

మెయిల్‌మ్యాన్ వంటి సాఫ్ట్‌వేర్లు ఒక ఉపాయం కనిపెట్టాయి. పంపినవారి చిరునామా స్థానంలో లిస్టు చిరునామా పెట్టడమే అది. ఉత్తరాలు చేరుతున్నాయి గానీ, రాసిన మనిషి చిరునామా వెనక్కి వెళ్లిపోయింది. ఒకరికే పంపాలనుకున్న జవాబు లిస్టంతటికీ వెళ్లే ప్రమాదమూ వచ్చిపడింది. లిస్టుకు చేరేసరికి ఉత్తరం అసలైనదేనని ధ్రువీకరించే ఆర్క్ పద్ధతి 2019లో వెలువడింది. అయితే ఆ ధ్రువీకరణను నమ్మాలా వద్దా అన్నది ఉత్తరం అందుకునే సంస్థ ఇష్టం.

ఖాతాదారులకు నేరుగా ఉత్తరాలు పంపే బ్యాంకులకు ఈ కఠిన నిబంధన చక్కగా సరిపోతుంది. నలుగురితో చర్చించే మామూలు మనుషుల చిరునామాలకు వర్తింపజేసినప్పుడే చిక్కు. 2024 ఫిబ్రవరి నుంచి భారీగా ఉత్తరాలు పంపేవారంతా డీమార్క్ విధానాన్ని ప్రకటించాలని గూగుల్, యాహూ షరతు పెట్టాయి. తిరస్కరణే ఉండాలని మాత్రం పట్టుబట్టలేదు. తాళం వేసింది పెద్ద సంస్థలు. మారుతాళాలు వెతుక్కునే శ్రమ మాత్రం లిస్టు నిర్వాహకులది.