చెవి అందిన రోజు

వేసవి సెలవులు అయిపోయి బడులు తెరిచే రోజుల్లో ఊరి బడి వరండాలో ఒకప్పుడు ఒక చిన్న పరీక్ష జరిగేది. తండ్రి చిటికెనవేలు పట్టుకుని బెరుగ్గా నిలబడ్డ పిల్లవాణ్ని మాస్టారు దగ్గరికి పిలిచి, "ఏదీ, కుడిచెయ్యి తలమీదుగా తిప్పి ఎడమ చెవి పట్టుకో చూద్దాం" అనేవారు. వేళ్ల కొసలు చెవిని తాకితే రిజిస్టరులో పేరెక్కేది. తాకకపోతే "వచ్చే ఏడు తీసుకురావయ్యా" అని తండ్రికి చెప్పి పంపేవారు. పుట్టిన తేదీలు రాసిపెట్టుకునే అలవాటు లేని రోజులవి. చేరిన పిల్లవాడికి పుట్టినరోజు కూడా మాస్టారే రాసిచ్చేవారు. మన పెద్దల తరంలో సర్టిఫికెట్ల ప్రకారం జూన్ ఒకటినో, జులై ఒకటినో పుట్టినవాళ్లు అంతమంది కనిపించడానికి కారణం అదే.

ఇప్పుడు జనన ధ్రువపత్రం ఉంది, ఆధార్ ఉంది. చెవి పట్టుకోమనే మాస్టారు లేరు. కానీ ప్రశ్న మాత్రం ఇంకా అలాగే ఉంది. పిల్లల్ని బడిలో వెయ్యడానికి సరైన సమయం ఏది? మూడేళ్లకే నర్సరీలో చేర్చకపోతే వెనకబడిపోతారా? ఆరేళ్లదాకా ఆగితే ఏడాది వృథా అవుతుందా? దీనికి శరీరశాస్త్రం, మనస్తత్వశాస్త్రం, వేలాదిమంది పిల్లల మీద జరిగిన పరిశీలనలు చాలావరకు స్పష్టమైన జవాబే ఇస్తున్నాయి.

చేతి పొడవులో ఏముంది?

ముందు ఆ పాత పరీక్ష సంగతే చూద్దాం. అప్పుడే పుట్టిన బిడ్డ పొడవులో దాదాపు నాలుగో వంతు తలే ఉంటుంది. పెద్దవాళ్లలో అది ఏడెనిమిదో వంతుకు తగ్గుతుంది. మెదడు అన్నిటికంటే ముందు పెరుగుతుంది కాబట్టి తల కూడా ముందే పెరుగుతుంది. ఆరేళ్లు వచ్చేసరికి మెదడు పెద్దవాళ్ల మెదడు పరిమాణంలో సుమారు 90 శాతానికి చేరుకుంటుంది. కాళ్లూ చేతులూ సాగడం ఆ తర్వాత కూడా కొనసాగుతుంది. మూడేళ్ల బిడ్డ చెయ్యి నడినెత్తి దాటి కొద్ది దూరమే వెళ్తుంది. ఆరేళ్లు వచ్చేసరికి చాలామందికి చెవి అందుతుంది. వైద్యులు దీన్ని ఫిలిప్పీన్ పరీక్ష అంటారు. పుట్టిన తేదీలు తెలియనిచోట ఆసియాలోనూ ఆఫ్రికాలోనూ దీన్ని వాడారు.

దీనికి లోపాలూ ఉన్నాయి. తిండి చాలక ఎదుగుదల కుంటుపడిన పిల్లవాడు ఏడేళ్లు వచ్చినా తప్పిపోవచ్చు. చెవి అందినంత మాత్రాన మనసు ఎదిగిందని చెప్పలేం. అయినా ఆ మాస్టారి పద్ధతిలో ఒక గొప్ప గుణం ఉంది. పిల్లవాడికి ఏం వచ్చో ఆయన అడగలేదు. పిల్లవాడు ఎదిగాడా లేదా అని మాత్రమే చూశారు. ఇవాళ మనం మరిచిపోయింది ఆ తేడానే.

మణికట్టు చెప్పే సాక్ష్యం

పెద్దవాళ్ల మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. పుట్టినప్పుడు అక్కడ ఎముక ఒక్కటి కూడా ఉండదు, అంతా మెత్తని మృదులాస్థే. మొదటి కొన్ని నెలల్లో రెండు గట్టిపడటం మొదలవుతుంది. ఆ తర్వాత ఒక్కొక్కటే వరుసగా ఎక్స్‌రేలో కనిపిస్తూ వస్తుంది. ఆరేడేళ్లకు ఏడు కనిపిస్తాయి. ఎనిమిదోది తొమ్మిది, పన్నెండేళ్ల మధ్య ఎప్పుడో గాని కనిపించదు. అందుకే పిల్లల ఎముకల వయసు తెలుసుకోవాలంటే వైద్యులు చేతి ఎక్స్‌రే తీయిస్తారు.

రాయడానికి ఎముకల కంటే ముఖ్యమైనవి కండరాల పట్టు, కన్నూ చెయ్యీ కలిసి పనిచెయ్యడం. వీటికీ ఒక వరుస ఉంది. పిల్లలకు ఒక తెల్లకాగితం, ఒక క్రేయాన్ ఇచ్చి బొమ్మ చూపిస్తే అది కళ్లకు కడుతుంది. మూడేళ్లకు గుండ్రంగా సున్నా చుడతారు. నాలుగేళ్లకు అడ్డగీత, నిలువుగీత కలిపి ప్లస్ గుర్తు వేస్తారు. నాలుగున్నర, ఐదేళ్ల మధ్య చతురస్రం, ఐదు దాటాక త్రిభుజం వస్తాయి. గాలిపటం ఆకారం గీయడానికి ఆరేడేళ్లు పడుతుంది. నాలుగేళ్ల పిల్లకు గాలిపటం బొమ్మ చూపించి గీయమంటే మూలలన్నీ గుండ్రమైపోతాయి, లేదా ఒక మూల నుంచి చెవిలాంటిది పొడుచుకొస్తుంది. ఆ అమ్మాయి కంటికి ఆకారం తెలుసు. ఏటవాలు గీతను మధ్యలో దిక్కు మార్చి తిప్పడం చేతికింకా తెలియదు.

ఇప్పుడు మన 'అ'ను చూడండి. ఎన్ని వంపులు, ఎన్ని మలుపులు! దాని పక్కన 'ఋ'ను పెట్టి ఊహించండి. మూడున్నరేళ్ల పిల్లవాడి చేత నాలుగు గీతల పుస్తకంలో పేజీలకు పేజీలు రాయిస్తున్నామంటే, రెండు మూడేళ్ల తర్వాత సులువుగా వచ్చే పనిని ఇప్పుడు కన్నీళ్లతో చేయిస్తున్నామన్నమాట. పైగా మన లిపికి ఓపిక ఎక్కువ కావాలి. అచ్చులు, హల్లులు, గుణింతాలు, ఒత్తులు కలిస్తే గుర్తుపట్టాల్సిన రూపాలు వందల్లో ఉంటాయి. మన లిపికి సోదర లిపి అయిన కన్నడం నేర్చుకునే పిల్లల్ని పరిశోధకురాలు సోనాలి నాగ్ పరిశీలించారు. అక్షరాల మీద పట్టు దొరకడానికి మూడు, నాలుగు తరగతులదాకా పడుతోందని ఆమె 2007లో ప్రచురించిన అధ్యయనంలో తేలింది. అంటే యూకేజీ పిల్లవాడికి ఒత్తులు రాకపోవడం వెనకబాటు కిందికి రాదు. అది ఆ లిపి సహజంగా తీసుకునే సమయం.

చింతపిక్కల లెక్క

ఒకటి నుంచి ఇరవై దాకా గడగడా చెప్పే మూడేళ్ల పిల్ల ముందు గుప్పెడు చింతపిక్కలు పోసి, "నాకు నాలుగు ఇవ్వమ్మా" అని అడిగి చూడండి. చేతికి వచ్చినన్ని తీసి ఇచ్చేస్తుంది. వల్లె వేసిన అంకెలకూ, చేతిలో ఉన్న సంఖ్యకూ ఆ పిల్ల మనసులో ఇంకా ముడి పడలేదు. ఎక్కువమందికి నాలుగేళ్ల ప్రాంతంలో అది పడుతుంది. ఆరేసి పిక్కల్ని రెండు వరుసలుగా పేర్చి, ఒక వరుసను దూరందూరంగా జరిపితే, "పొడుగ్గా ఉన్నదాంట్లో ఎక్కువున్నాయి" అని ఐదేళ్ల పిల్లలు కూడా అంటారు. జరిపినా సంఖ్య మారదని ఆరేడేళ్లకు తెలుస్తుంది. స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త జాఁ పియాజే ఇలాంటి పరిశీలనలతోనే పిల్లల ఆలోచన మెట్లుమెట్లుగా ఎదుగుతుందని చూపించారు.

ఇంతకంటే ముఖ్యమైన ఎదుగుదల మరొకటి ఉంది. "తల ముట్టుకోండి అంటే కాలివేళ్లు ముట్టుకోవాలి, కాలివేళ్లు అంటే తల ముట్టుకోవాలి." ఇదొక ఆట. అమెరికా పరిశోధకులు దీన్నే పరీక్షగా మలిచారు. చెప్పింది గుర్తుంచుకోవాలి, తొందరపడి కదిలే చేతిని ఆపుకోవాలి, మాట మారినప్పుడు తానూ మారాలి. మన నేలా-బండా ఆటలోనూ, దాగుడుమూతల్లోనూ పిల్లలు సాధన చేసేది ఈ నిగ్రహాన్నే. నుదుటి వెనక ఉండే మెదడు భాగం ఈ పని చూస్తుంది. మూడు నుంచి ఆరేళ్ల మధ్య ఈ శక్తి చాలా వేగంగా పెరుగుతుంది. తరగతిలో కుదురుగా కూర్చోవడం, తన వంతు వచ్చేదాకా ఆగడం అన్నీ దీనిమీదే ఆధారపడతాయి. బడికి సిద్ధమవడం అంటే ఏబీసీడీలు అప్పజెప్పడం కంటే ముందు ఇదే.

ఒకే తరగతి, ఏడాది తేడా

ఒక తరగతిలో జూన్‌లో పుట్టిన పిల్లవాడూ, మరుసటి మే నెలలో పుట్టినవాడూ పక్కపక్కనే కూర్చుంటారు. ఇద్దరి మధ్య దాదాపు ఏడాది తేడా. నలభై ఏళ్లవాళ్లకు ఏడాది లెక్కే కాదు. ఐదేళ్లవాడికి అది బతికిన జీవితంలో ఐదో వంతు.

ఈ తేడా ఎంత దూరం వెళ్తుందో కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో తొమ్మిది లక్షలకు పైగా పిల్లల వివరాలతో చేసిన అధ్యయనం 2012లో చూపింది. అక్కడ బడి చేరికకు గీత డిసెంబరు 31. తరగతిలో అందరికంటే చిన్నవాళ్లు డిసెంబరులో పుట్టినవాళ్లు. జనవరిలో పుట్టిన అబ్బాయిలతో పోలిస్తే డిసెంబరు అబ్బాయిలకు ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస నిలవని, కుదురులేని రుగ్మత ఉందని నిర్ధారించడం 30 శాతం ఎక్కువ. అమ్మాయిల్లో 70 శాతం ఎక్కువ. పుట్టిన నెలను బట్టి రుగ్మత రాదు కదా! పసితనాన్ని చూసి జబ్బు అనుకున్న సందర్భాలు అందులో ఉన్నాయన్నమాట. డెన్మార్క్‌లో పరిశోధకులు థామస్ డీ, హాన్స్ హెన్రిక్ సీవర్ట్‌సన్ 2015లో వెలువరించిన అధ్యయనమూ ఇదే దిక్కు చూపింది. బడికి ఏడాది ఆలస్యంగా వెళ్లిన పిల్లల్లో ధ్యాసలేమి, అతి చురుకుదనం తగ్గాయి. పదకొండేళ్ల వయసులోనూ ఆ మేలు నిలిచింది.

"మీవాడు కుదురుగా కూర్చోడు" అని బడి నుంచి ఫిర్యాదు వస్తే ముందు చూడాల్సింది క్యాలెండరు.

ముందు మొదలుపెడితే ముందుంటారా?

ఇంగ్లండ్‌లో ఎక్కువమంది పిల్లలు నాలుగేళ్లకే బడికి వెళ్తారు. ఫిన్లాండ్‌లో ఒకటో తరగతి ఏడేళ్లు నిండే సంవత్సరంలో మొదలవుతుంది. న్యూజిలాండ్‌లో పరిశోధకుడు సెబాస్టియన్ సగేట్ బృందం ఐదేళ్లకు చదవడం మొదలుపెట్టిన పిల్లల్నీ, ఏడేళ్లకు మొదలుపెట్టినవాళ్లనీ పోల్చి చూసింది. పదకొండేళ్లు వచ్చేసరికి ఇద్దరి చదవగలిగే శక్తిలో తేడా లేదు.

అలాగని ఆరేళ్లదాకా పిల్లల్ని ఇంట్లో టీవీ ముందు కూర్చోబెట్టమని దీని అర్థం కాదు. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో 1960లలో పెర్రీ ప్రీస్కూల్ అధ్యయనం జరిగింది. 123 మంది పేద నల్లజాతి పిల్లల్లో 58 మందికి మూడు, నాలుగేళ్ల వయసులో ఆటలతో, మాటలతో, మంచి టీచర్లతో నడిచే పూర్వప్రాథమిక విద్య అందించారు. తెలివితేటల పరీక్షల్లో వాళ్లకు వచ్చిన ఆధిక్యం కొన్నేళ్లకే కరిగిపోయింది. కానీ నలభై ఏళ్లు వచ్చేదాకా వెంట ఉండి చూస్తే, మిగతావాళ్లకంటే వీళ్లలో హైస్కూలు పూర్తిచేసినవాళ్లు, ఎక్కువ సంపాదిస్తున్నవాళ్లు ఎక్కువ. అరెస్టులు తక్కువ.

ఈ రెండు ఫలితాలకూ వైరుధ్యం లేదు. మూడు నుంచి ఆరేళ్ల దాకా పిల్లలకు కథలు, పాటలు, మట్టి, తోటి పిల్లలు, ఓర్పుగా మాట్లాడే పెద్దలు కావాలి. హోంవర్కూ, ర్యాంకులూ అక్కర్లేదు. ఇంట్లో పుస్తకాలు, తీరిక లేని కుటుంబాల పిల్లలకైతే ఆ ఆటల బడి మరీ అవసరం.

మన దగ్గర

2020 జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును ఒకే పునాది దశగా చూసింది. మూడేళ్లు ఆటపాటలతో పూర్వప్రాథమిక విద్య, ఆరేళ్లు నిండాక ఒకటో తరగతి. కేంద్రీయ విద్యాలయాలు 2022-23 నుంచి ఒకటో తరగతికి ఆరేళ్లు నిండాలన్నాయి. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఐదేళ్లు నిండితే ఒకటో తరగతిలో చేర్చుకోవడం ఏళ్ల తరబడి వస్తున్న వాడుక. వాడుక మారేటప్పుడు "ఏడాది పోతుంది" అనే బెంగ తల్లిదండ్రుల్లో సహజం. పైన చెప్పిన వివరాలు చూస్తే ఆ ఏడాది ఎక్కడికీ పోదు, పునాదిలోకి వెళ్తుంది.

1975 నుంచి ఊరూరా ఏర్పడుతూ వచ్చిన అంగన్‌వాడీలు ఈ పనికి మన చేతిలో ఉన్న పెద్ద సాధనం. వాటిని గుడ్లూ పాలూ ఇచ్చే చోటుగా మాత్రమే చూడటం మానుకోవాలి. ఒకటో తరగతి మొదట్లో మూడు నెలలు ఆటలతో పిల్లల్ని బడికి అలవాటు చేసే విద్యాప్రవేశ్ కార్యక్రమం 2021లో వచ్చింది. బడే పిల్లవాడికి తగ్గట్టు సిద్ధమవ్వాలన్న ఆలోచన అందులో ఉంది. 2009 విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ బడిలో చేర్చుకునేటప్పుడు పిల్లలకు గానీ తల్లిదండ్రులకు గానీ పరీక్ష పెట్టకూడదంటుంది. మొదటిసారి ఉల్లంఘిస్తే 25 వేల రూపాయల దాకా జరిమానా ఉంది.

ఇంట్లో చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. అమ్మను వదిలి కాసేపు ఉండగలుగుతున్నారా? ఆకలి, దాహం, ఒంటికి వస్తే చెప్పగలుగుతున్నారా? రెండు పనులు వరుసగా చెబితే గుర్తుంచుకుని చేస్తున్నారా? చిన్న కథ చివరిదాకా వింటున్నారా? వీటిలో ఒకటి రెండు తక్కువైతే కంగారు అక్కర్లేదు, ఆటలతో అవే వస్తాయి. మాట ఆలస్యమైనా, పిలిస్తే పలక్కపోయినా, పుస్తకాన్ని మరీ దగ్గరగా పెట్టుకున్నా మాత్రం "పెద్దయితే అదే సర్దుకుంటుంది" అని ఏడాది ఆగకండి. వెంటనే చెవి, కన్ను పరీక్ష చేయించండి. బడికి ఆలస్యంగా పంపడం దానికి మందు కాదు.

ఈ జూన్‌లో మీ ఇంట్లో బడి మాట వస్తే, ఒక్కసారి మీ పాపను దగ్గరికి పిలిచి కుడిచేత్తో ఎడమ చెవి పట్టుకోమనండి. చేరికకు అదేమీ రుజువు కాదు. ఆ చిన్న చెయ్యి నెత్తి మీదుగా పాకుతూ చెవి దాకా రావడానికి ఎన్నేళ్లు పట్టిందో మీకు కనిపిస్తుంది. ఇంకా అందకపోతే ఆ చేతిలో పెన్సిలు పెట్టడానికి తొందరపడకండి. చింతపిక్కలు పెట్టండి.