గిన్నెలు తోమి పడుకుంటాం, మరి పళ్ళు?

మా పెళ్ళి ఆల్బమ్‌లో నేను పళ్ళు కనపడేలా నవ్విన ఫొటో ఒక్కటి కూడా లేదు. ఫొటోగ్రాఫరు "నవ్వమ్మా, నవ్వమ్మా" అని ఎంత బతిమాలినా పెదవులు బిగించుకునే కూర్చున్నాను. చూసినవాళ్ళు కొత్త పెళ్ళికూతురు కదా, సిగ్గు అనుకున్నారు. అది సిగ్గు కాదండీ. నా ముందు పళ్ళ మీద గోధుమరంగు మచ్చలున్నాయి.

మా పుట్టిల్లు నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు. కోడలిగా ఇంద్రేశం వచ్చాను. చిన్నప్పుడు ఆ మచ్చలు పోవాలని మా అమ్మ బొగ్గుపొడితో, ఇటుకపొడితో, ఉప్పుతో నా పళ్ళు రుద్దేది. చిగుళ్ళు రక్తం కారేవి. పైగా "మంచిగ తోముకోవే" అని తిట్లు. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళలో ఒకావిడ "పిల్ల పండ్లు తోముకోదా ఏంది?" అని నా ఎదుటే అన్నది. ఆ మచ్చలు తోమితే పోయేవి కావని, పన్ను చిగురులో తయారవుతున్నప్పుడే లోపల పడ్డాయని పాపం మా అమ్మకు ఎవరు చెప్పారు?

నీళ్ళతోనే మొదలు

అది ఫ్లోరైడ్ చేసిన పని. 1937లోనే నాటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లాలో డాక్టర్లు ఫ్లోరోసిస్ జబ్బును గుర్తించారు. మా నల్లగొండ పేరు చెబితే ఇప్పటికీ అందరికీ అదే గుర్తొస్తుంది. తాగేనీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదంటారు. మా వైపు అంతకు రెండింతలు, మూడింతలు ఉన్న బావులు, బోర్లు ఎన్నో. పిల్లలకు ఎనిమిదేళ్ళు వచ్చేదాకా వాళ్ళ శాశ్వత దంతాలు చిగురు లోపల తయారవుతూ ఉంటాయి. ఆ ఏళ్ళలో తాగిన నీళ్ళే పంటి మీద మచ్చలుగా మిగులుతాయి. ఎక్కువకాలం తాగితే ఎముకలకూ పాకుతుంది.

2016లో మొదలైన మిషన్ భగీరథతో నది నీళ్ళు ఊళ్ళకు వచ్చాయి. ఇంకా బోరునీళ్ళే తాగే ఇల్లయితే ఒకసారి పరీక్ష చేయించండి. కాచి చల్లార్చితే సరిపోతుందనుకోకండి. కాస్తే క్రిములు చస్తాయిగానీ ఫ్లోరైడ్ పోదు.

నా మచ్చల వల్ల నాకు తెలిసొచ్చింది ఒకటే. పళ్ళ విషయంలో ఒక వయసులో జరిగింది ఇంకో వయసులో బయటపడుతుంది. నొప్పి వచ్చాక చూద్దాంలే అంటే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

పాలపళ్ళే కదా అనకండి

బిడ్డకు ఆరు నెలలప్పుడు మొదటి పన్ను కనపడుతుంది. మూడేళ్ళు వచ్చేసరికి ఇరవై పాలపళ్ళూ వస్తాయి. "ఊడిపోయే పండ్లకు దవఖాన ఎందుకు బిడ్డా?" అని మా అత్తమ్మ అనేది. నేనూ తలూపేదాన్ని. కానీ వెనక ఉండే పాలపళ్ళు పది, పన్నెండేళ్ళ దాకా ఉండాలి. కింద వచ్చే పన్నుకు చోటు కాపలా కాసేది అవే. అవి పుచ్చి ముందే పోతే పక్క పళ్ళు ఆ చోట్లోకి ఒరిగి, కొత్త పళ్ళు వంకరగా వస్తాయి.

చంటివాడి నోట్లో పాలసీసా పెట్టి నిద్రపుచ్చే అలవాటు వద్దు. రాత్రంతా పాలు పళ్ళకు అంటుకుని ముందు పళ్ళు నల్లగా పుచ్చిపోతాయి. పన్ను రాకముందు కూడా శుభ్రమైన తడిగుడ్డతో చిగుళ్ళు తుడవండి. మొదటి పన్ను వచ్చిన రోజునుంచే మెత్తని బ్రష్ మొదలుపెట్టండి. మూడేళ్ళలోపు బియ్యపుగింజంత పేస్టు, ఆ తర్వాత ఆరేళ్ళ దాకా బఠాణీగింజంత చాలు. నీళ్ళలో ఎక్కువై కడుపులోకి పోతే చెరుపుచేసే ఫ్లోరైడే, పేస్టులో ఉండి పంటికి పైపైన తగిలితే పుచ్చకుండా కాస్తుంది. అందుకే పేస్టు మింగనీయకుండా ఉమ్మించాలి. ఏడెనిమిదేళ్ళు వచ్చేదాకా తోమే పని మన చేత్తోనే జరగాలి.

ఆరేళ్ళ పన్ను

ఇది మా అబ్బాయి విషయంలో నేను చేసిన తప్పు. ఆరేళ్ళప్పుడు పాలపళ్ళన్నిటికీ వెనక, ఏ పన్నూ ఊడకుండానే ఒక దవడ పన్ను వస్తుంది. పన్ను ఊడలేదు కాబట్టి ఇదీ పాలపన్నే అనుకుంటాం. కాదు, అది జీవితాంతం ఉండాల్సిన పన్ను. మావాడికి దానిమీద నల్లచుక్క కనపడితే ఊడిపోతుందిలే అని వదిలేశాను. పదకొండో ఏట ముఖం వాచి రాత్రంతా ఏడిచాడు. చివరికి ఆ పన్ను పీకించాల్సి వచ్చింది. ఇప్పటికీ వాడు ఒక పక్కనే నములుతుంటే నాకు ముద్ద దిగదు.

మీ పిల్లలకు ఆరేళ్ళుంటే ఇవాళే వెలుతురులో నోరు తెరిపించి చూడండి. ఆ పన్నులో లోతైన గాళ్ళుంటే డాక్టర్లు వాటిని పూతతో మూసేస్తారు. సూది, నొప్పి ఏమీ ఉండవు.

ఇంకో మాట. ఆటల్లో పడి శాశ్వత దంతం మొత్తంగా ఊడి చేతికొస్తే పారేయకండి. వేరు పట్టుకోకుండా పైభాగం పట్టుకుని, రుద్దకుండా, పచ్చిపాలలో వేసి వెంటనే దంతవైద్యుడి దగ్గరికి పరిగెత్తండి. గంటలోపు వెళితే తిరిగి అతికే అవకాశం ఉంటుంది. పాలపన్ను అయితే మాత్రం తిరిగి పెట్టరు.

కడుపుతో ఉన్నప్పుడు

"కాన్పుకో పన్ను" అని పెద్దవాళ్ళు అనడం మీరూ వినే ఉంటారు. కడుపులో బిడ్డ తల్లి పళ్ళలోంచి సున్నం లాక్కుంటుందనుకునేవాళ్ళు. అది నిజం కాదు. హార్మోన్ల మార్పుతో చిగుళ్ళు ఉబ్బుతాయి, రక్తం వస్తుంది. రక్తం వస్తోందని భయపడి తోమడం మానేస్తే ఇంకా పాడవుతాయి. వాంతులతో వచ్చే పులుపు పంటిని కరిగిస్తుంది. వాంతి అయిన వెంటనే బ్రష్ చేయకుండా మొదట నీళ్ళతో పుక్కిలించి, అరగంట ఆగి తోముకోవాలి.

మా అమ్మాయి ఇప్పుడు కాన్పుకు మా ఇంట్లోనే ఉంది. అయిదో నెలలోనే పుచ్చు పన్ను బాగు చేయించాను. నాలుగు, అయిదు, ఆరు నెలలు అందుకు అనుకూలం అంటారు. గర్భవతినని డాక్టరుకు ముందే చెప్పాలి. నొప్పిమాత్రలు సొంతంగా వేసుకోకూడదు.

నలభై దాటాక

ఈ వయసులో పుచ్చు కన్నా చిగుళ్ళ జబ్బే ఎక్కువ పళ్ళు ఊడగొడుతుంది. గార పట్టి, చిగురు కిందికి జారి, పన్ను కదులుతుంది. క్లీనింగ్ చేయిస్తే పళ్ళు వదులవుతాయన్నది అపోహ. అప్పటిదాకా గారే పన్నును పట్టి ఉంచినట్టు అనిపిస్తుంది, అంతే. షుగరు ఉన్నవాళ్ళు మరీ జాగ్రత్త. షుగరు పెరిగితే చిగుళ్ళు పాడవుతాయి, చిగుళ్ళు పాడైతే షుగరు అదుపులోకి రాదు.

మా వైపు పాశమైలారం, పటాన్‌చెరు ఫ్యాక్టరీల్లో నైట్ షిఫ్టు చేసేవాళ్ళు నిద్ర ఆపుకోవడానికి తంబాకు, గుట్కా దవడన పెట్టుకుంటారు. మావారికీ కొన్నాళ్ళు ఆ అలవాటుండేది. గొడవపడి మాన్పించాను. నోట్లో తెల్లమచ్చ గానీ, రెండు మూడు వారాలైనా మానని పుండు గానీ, నోరు తెరవడం కష్టం కావడం గానీ ఉంటే ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకండి.

అత్తమ్మ పళ్ళసెట్టు

మా అత్తమ్మకు డెబ్బై దాటాయి. కట్టుడుపళ్ళు పెట్టించాక మళ్ళీ జొన్నరొట్టె తింటోంది. పళ్ళసెట్టు రాత్రిళ్ళు తీసి, తోమి, నీళ్ళలో వేయాలి. వేడినీళ్ళలో వేస్తే వంకర పోతుంది. బి.పి. మాత్రల వల్ల కొందరికి నోరు ఎండిపోతుంది. అలాంటివాళ్ళు మిగిలిన పళ్ళు త్వరగా పుచ్చకుండా మాటిమాటికీ గుక్కెడు నీళ్ళు తాగాలి. పళ్ళే లేకపోయినా చిగుళ్ళను డాక్టరుకు చూపిస్తూ ఉండాలి.

ఖర్చుకు భయపడి వెనకాడకండి. హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంతవైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. ఇంట్లో ఈఎస్‌ఐ కార్డుంటే దానిమీద పళ్ళ వైద్యం ఎక్కడ చేస్తారో మీ డిస్పెన్సరీలో అడగండి.

ఈ రాత్రి నుంచే

పిల్లల చేతికి గంటకో బిస్కెట్టు, చాక్లెట్టు ఇవ్వకండి. తీపి పెట్టాలంటే అన్నంతోపాటే పెట్టండి. మధ్యలో జామకాయో, క్యారెట్టో, వేయించిన పల్లీలో ఇవ్వండి. బ్రష్ మూడు నెలలకోసారి మార్చండి. ఉదయం తోమడం మనకెవరూ చెప్పనక్కర్లేదు. మరచిపోయేది రాత్రే.

ఎంగిలి గిన్నెలు సింకులో ఉంటే మనకు నిద్ర పట్టదు. ఎంత అలసటైనా తోమి బోర్లిస్తే గానీ పడుకోం. ఎంగిలినోటితో మాత్రం హాయిగా పడుకుంటాం! ఇప్పుడు మా ఇంట్లో రాత్రి గిన్నెల పని అయ్యాక నేను, మా అమ్మాయి పక్కపక్కన నిలబడి రెండు నిమిషాలు పళ్ళు తోముకుంటాం.

మొన్న దాని శ్రీమంతంలో ఫొటో తీస్తుంటే నా చెయ్యి అలవాటుగా కొంగు మీదికి, కొంగు నోటి మీదికి పోయింది. "తియ్యమ్మా!" అని అది నా చెయ్యి పట్టుకుని కిందికి దించింది. ఆ ఫొటోలో నా మచ్చలన్నీ కనపడుతున్నాయి. ఉండనివ్వండి. రాబోయే మనవరాలికో మనవడికో అవి రాకుండా చూసుకునే పని ఇంకా నా చేతిలోనే ఉంది.