పడిపోయిన కాలికి పని కావాలి

ఒక పక్క కాలూ చెయ్యీ పడిపోయిన మనిషిని మంచం దిగనివ్వకుండా చూసుకోవడమే సేవ అని శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఇప్పటికీ చాలామంది నమ్మకం. చేసేది ప్రేమతోనే. కానీ ఆ విశ్రాంతే కండను కరిగిస్తుంది.

పక్షవాతంలో దెబ్బ తగిలేది మెదడుకి. రక్తనాళం పూడుకుపోయో, చిట్లిపోయో, కదలమని ఆజ్ఞ పంపే కణాలు చనిపోతాయి. తొడ కండ నిన్నటిలాగే ఉంటుంది, దానికి కబురే అందదు. వీరఘట్టంలో పుట్టి విజయనగరంలో సాము చేసిన మల్లయోధుడు కోడి రామ్మూర్తి అంతటివాడి బలమైనా ఆ కబురు అందితేనే పనికొచ్చేది. కబురు రాని కండ వారాల్లోనే సన్నబడుతుంది. మంచాన పడితే బాగున్న కాలు కూడా నీరసిస్తుంది.

పడిపోయిన కాలిమీద బరువు పెడితే కండరాలు బిగుసుకుపోతాయని ఒకప్పుడు ఫిజియోథెరపిస్టులే భయపడేవారు. పరిశోధనల్లో ఆ భయం నిలబడలేదు.

ఇంట్లో చేయగల మంచి కసరత్తు కూర్చుని లేవడం. నులకమంచం వద్దు, అది కుంగిపోతుంది. గోడ పక్కన ఎత్తైన గట్టి బల్ల కావాలి. అంచుకు జరిగి, పాదాలు వెనక్కి లాక్కుని, పడిపోయిన కాలిని రెండోదానికన్నా కొంచెం వెనక పెట్టాలి. అప్పుడు బరువు దానిమీదకి వస్తుంది. ముక్కు కాలివేళ్లు దాటేదాకా ముందుకు వంగి లేవాలి, నెమ్మదిగా కూర్చోవాలి. తేలికైపోయాక బల్ల ఎత్తు తగ్గించాలి. పక్కన మనిషి ఉండాలి. ఆ మనిషి పడిపోయిన చెయ్యి పట్టి మాత్రం లాగకూడదు, పట్టు తప్పిన భుజం కీలు జారిపోతుంది. నడుము దగ్గర పట్టుకోవాలి.

తొందరా పనికిరాదు. 2015లో వెలువడిన అవర్ట్ పరిశోధనలో, 2,104 మందిలో, మొదటి 24 గంటల్లోనే లేపి ఎక్కువగా కదిలించిన రోగులు మిగతావారికన్నా కొంత తక్కువగానే కోలుకున్నారు. ఎప్పుడు మొదలుపెట్టాలో, బీపీ ఎంతుండాలో డాక్టరే చెప్పాలి.

ఇదంతా ఇంటివాళ్లకి నేర్పేస్తే చాలదా? 2017లో లాన్సెట్ ప్రచురించిన అటెండ్ పరిశోధన సరిగ్గా అదే చూసింది. దేశంలోని 14 ఆసుపత్రులు, 1,250 మంది రోగులు. ఆరు నెలలకి, ఇంటివాళ్లు శిక్షణ పొందిన రోగుల్లోనూ, మామూలు వైద్యం అందినవారిలోనూ 47 శాతం మంది చనిపోయారు లేదా ఇతరుల మీద ఆధారపడ్డారు. తేడా లేదు.

కొడుకులు హైదరాబాద్, చెన్నైలకు కూలి పనులకు వెళ్లిపోయిన ఇళ్లలో కసరత్తు చేయించే భారమంతా ముసలి భార్య మీదే పడుతుంది. ఆవిడ ఎంతని చేయగలదు? ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికీ వారానికోసారైనా ఫిజియోథెరపిస్టు రావాలి. ఈసారి బల్ల ఎంత ఎత్తుండాలో, ఎన్నిసార్లు లేవాలో చూసి చెప్పాలి.