దగ్గు తగ్గినా దాగే ఉంటుంది క్షయ

* రక్షక కణాల్లోనే క్రిమి కాపురం
* ఆరు నెలల మందుల వెనుక అసలు కారణమిదే

లింగంపల్లి: తెల్లవారితే లింగంపల్లి రైల్వేస్టేషన్‌లో దిగే జనంలో కంప్యూటర్ ఉద్యోగులతోపాటు తాపీ పనివారు, కాపలాదారులు, ఇళ్లలో పనిచేసే మహిళలు కూడా ఉంటారు. పొట్ట చేత పట్టుకుని వచ్చిన వీరిలో పలువురు ఇరుకు గదుల్లో నలుగురైదుగురు కలిసి ఉంటారు. గాలి, వెలుతురు లేని ఇటువంటి గదులే క్షయ వ్యాప్తికి అనువైన చోట్లు. వ్యాధి సోకి మందులు మొదలుపెట్టిన రోగికి కొద్ది వారాల్లోనే జ్వరం తగ్గి, ఆకలి పుట్టి, దగ్గు సర్దుకుంటుంది. ‘ఇక నయమైపోయింది’ అనుకుని మందులు మానేసేది, పని కోసం మరో ఊరికి తరలిపోయేది సరిగ్గా ఈ దశలోనే. లక్షణాలు పోయినంత మాత్రాన క్రిమి పోయినట్లు కాదు. అది ఎక్కడ దాగుతుందో తెలిస్తే ఆరు నెలల చికిత్స ఎందుకో బోధపడుతుంది.

పోలీసుస్టేషన్‌లో దొంగ

క్షయ క్రిమిని జర్మనీ శాస్త్రవేత్త రాబర్ట్ కాక్ 1882 మార్చి 24న ప్రపంచానికి వెల్లడించారు. రోగి దగ్గినప్పుడు వెలువడే సన్నని తుంపరల ద్వారా అది ఎదుటివారి ఊపిరితిత్తులకు చేరుతుంది. అక్కడ మాక్రోఫేజ్‌లు అనే భక్షక కణాలు కాపలా కాస్తుంటాయి. లోపలికి వచ్చిన క్రిమిని మింగి, ఒక సంచిలో బంధించి, ఆ సంచిని ఆమ్లం, జీర్ణరసాలు నిండిన మరో సంచితో కలిపి చంపడం వీటి పని. మామూలు క్రిములు ఇక్కడే హతమవుతాయి.

క్షయ క్రిమి మాత్రం ఆ రెండు సంచులూ కలవకుండా అడ్డుపడుతుంది. మైనం వంటి దాని దళసరి పైపొర కూడా దానికి కవచమే. తాను స్రవించే ప్రొటీన్లతో సంచి గోడకు తూట్లు పొడిచి బయటపడే శక్తీ దానికి ఉంది. పట్టుకోవలసిన పోలీసుల స్టేషన్‌లోనే దొంగ తలదాచుకున్నట్లు, చంపవలసిన కణంలోనే అది కాపురం పెడుతుంది.

మన నగరంలోనే పరిశోధన

ఈ మాయోపాయాన్ని ఛేదించే ప్రయత్నం మన నగరంలోనూ సాగింది. హైదరాబాద్‌లోని డీఎన్‌ఏ వేలిముద్రల కేంద్రం (సీడీఎఫ్‌డీ) శాస్త్రవేత్తలు క్షయ క్రిమికి చెందిన పీపీఈ18 అనే ప్రొటీన్‌పై 2009లో పరిశోధన ఫలితాలు ప్రకటించారు. ఈ ప్రొటీన్ భక్షక కణంపై ఉండే ఒక గ్రాహకాన్ని అంటిపెట్టుకుని, రోగనిరోధక స్పందనను చల్లార్చే ఐఎల్-10 అనే పదార్థం తయారయ్యేలా చేస్తుందని వారు కనుగొన్నారు. అంటే కాపలాదారుకు జోల పాడి నిద్రపుచ్చడమన్నమాట. ఇదే ప్రొటీన్ ఒక భాగంగా రూపొందిన ‘ఎం72’ టీకాపై 2024లో దక్షిణాఫ్రికాలో మూడో దశ ప్రయోగాలు ప్రారంభం కావడం విశేషం.

మందుకు లొంగనిదెందుకు?

సాధారణ పేగు క్రిమి అనువైన పరిస్థితుల్లో 20 నిమిషాలకోసారి రెండవుతుంది. క్షయ క్రిమికి అదే పని చేయడానికి సుమారు 20 గంటలు పడుతుంది. ఐసోనియాజిడ్ వంటి మందు క్రిమి కొత్త గోడ కట్టుకునే పనిని దెబ్బతీస్తుంది. గోడ కట్టడమే మానేసి నిద్రాణంగా పడి ఉన్న క్రిమిపై అది అంతగా పనిచేయదు. పైగా క్రిమి చుట్టూ కణాలు గుమిగూడి ఏర్పడే గడ్డల నడిభాగానికి ఆక్సిజన్ సరిగా అందదు. కొన్ని మందులూ అక్కడికి తగినంతగా చేరవు.

అయితే నిద్రాణ క్రిములే కాదు, భక్షక కణంలో పెరుగుతున్న క్రిములు సైతం మందును తట్టుకోగలవని 2011లో తేలింది. లలితా రామకృష్ణన్ బృందం జీబ్రా చేపలపై జరిపిన పరిశోధనలో, కణంలోకి చేరిన క్రిములు లోపలి విషపదార్థాలను వెలుపలికి తోడిపోసే ‘పంపుల’ను ప్రేరేపించుకుని తద్వారా మందును తట్టుకుంటున్నట్లు వెల్లడైంది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ శాస్త్రవేత్తలు 2019లో మరో సంగతి బయటపెట్టారు. కణంలోని ఆమ్లగుణమే కొన్ని క్రిములకు మందును తట్టుకునే బలాన్నిస్తోందని, మలేరియాకు వాడే క్లోరోక్విన్‌తో ఆ ఆమ్లగుణాన్ని తగ్గిస్తే మందులు మెరుగ్గా పనిచేశాయని జంతువులపై ప్రయోగాల్లో చూపారు. ఇది పరిశోధన దశలోని విషయమే కనుక ఎవరూ సొంతంగా ఆ మందు వాడరాదు.

నాలుగు మందులు.. ఆరు నెలలు

అందుకే క్షయకు ఒక్క మందు చాలదు. తొలి రెండు నెలలు ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబుటాల్ అనే నాలుగింటిని ఇస్తారు. తర్వాతి నాలుగు నెలలు పైరజినమైడ్ మినహా మిగిలిన మూడింటిని కొనసాగిస్తారు. ఐసోనియాజిడ్ వేగంగా పెరిగే క్రిములను తొలి రోజుల్లోనే తుడిచిపెడుతుంది. దగ్గు తగ్గేది ఈ దెబ్బతోనే. ఆమ్ల వాతావరణంలో ఉన్నవాటిని పైరజినమైడ్, ఉండుండి మేల్కొనే మొండి క్రిములను రిఫాంపిసిన్ వెంటాడతాయి. ఈ రెండూ చేరాకే ఒకప్పుడు ఏడాదిన్నర, రెండేళ్లు పట్టిన చికిత్స ఆరు నెలలకు తగ్గింది.

మధ్యలో ఆపితే మిగిలిన క్రిములు మళ్లీ విజృంభిస్తాయి. మందులు అడపాదడపా వాడితే జన్యుమార్పు పొందిన క్రిములు నెగ్గుకొస్తాయి. తాత్కాలికంగా మందును తట్టుకోవడం వేరు, శాశ్వతంగా లొంగకపోవడం వేరు. రెండోదే మొండి క్షయ. అది ఇంట్లోవారికి సోకితే వారికీ మామూలు మందులు పనిచేయవు. మొండి క్షయకు బెడాక్విలిన్ సహా నాలుగు మందులతో ఆరు నెలల కొత్త చికిత్సకు కేంద్ర ఆరోగ్యశాఖ 2024లో ఆమోదం తెలిపింది.

ఊరు మారినా మందు ఆగరాదు

లింగంపల్లి మీదుగా సాగే రైలు మార్గంలోనే ఉన్న వికారాబాద్‌లో, అనంతగిరి గుట్టలపై క్షయ ఆసుపత్రి వెలసింది. మంచి గాలి, విశ్రాంతి, పోషకాహారమే ప్రధాన వైద్యంగా ఉన్న కాలమది. సరైన మందులు వాడితే ఇంటి వద్ద చికిత్స కూడా అంతే ఫలితమిస్తుందని మద్రాసు కేంద్రంలో జరిగిన అధ్యయనం 1959లో నిరూపించింది. దీంతో రోగి ఇల్లు వదలవలసిన అవసరం తప్పింది. క్రమం తప్పకుండా మందు మింగే బాధ్యత మాత్రం ఇంటికే వచ్చింది.

రెండు వారాలకు మించి దగ్గు, సాయంత్రపు జ్వరం, బరువు తగ్గడం, కళ్లెలో రక్తం కనిపిస్తే ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా కళ్లె పరీక్ష చేయించుకోవాలి. మందులూ ఉచితమే. పోషణకు నెలకు రూ.500 చొప్పున ఇచ్చిన సాయాన్ని 2024 నవంబరు నుంచి రూ.1,000కి పెంచారు. రిఫాంపిసిన్‌తో మూత్రం ఎర్రబడితే భయపడనక్కరలేదు. కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకున్నా వెంటనే వైద్యుని కలవాలి.

పని ముగిసి ఊరు మారేవారు ముందుగా ఆరోగ్య సిబ్బందికి తెలియజేస్తే, ‘నిక్షయ్’ నమోదు సంఖ్య ఆధారంగా దేశంలో ఎక్కడైనా చికిత్స కొనసాగించవచ్చు. సందేహాలకు 1800-11-6666 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. దగ్గు తగ్గడం చికిత్సకు సగం దారి కూడా కాదు. మందు ఎప్పుడు ఆపాలో చెప్పవలసింది వైద్యుడే.